పౌరహక్కుల దినం టు-లెట్ బోర్డు దాకా రాదు (నగరంలో మన ఇల్లు – 6)

పుప్పాలగూడలో టు-లెట్ బోర్డులకు కొదవలేదు. పక్కనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రాంగూడ. ఉద్యోగాలు అక్కడ, కాపురాలు ఇక్కడ. పాత ఊరి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ చూశాం. బిల్డింగ్ పాతదే, లోపలంతా కొత్తగా చేయించారు. కొత్త టైల్స్, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, ఇంకా వాసన పోని పెయింట్. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలో నా భార్య అప్పుడే లెక్క వేసుకుంది. అద్దె కుదిరింది. రెండు నెలల అడ్వాన్స్‌కూ సరే అన్నాం.

ఓనరమ్మ మంచినీళ్ళిచ్చి, ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ ఇంటిపేరు ఎప్పుడూ విన్లేదే. మీరేమిట్లు బాబూ?"

"మాదిగలమండీ."

ఆమె కోప్పడలేదు. "పక్క ఫ్లాట్‌వాళ్ళు ప్యూర్ వెజ్. వాళ్ళనొక మాట అడిగి చెప్తాను" అంది. ఆ పక్క ఫ్లాట్ గుమ్మం దగ్గర ఖాళీ గుడ్ల ట్రే ఉంది, అది వేరే సంగతి. సాయంత్రానికి బ్రోకర్ తమ్ముడి ఫోన్: "అన్నా, వాళ్ళ కొడుకు అమెరికా నుంచి వస్తుండంట. ఏమనుకోకు." రెండు వారాలైంది. బోర్డు గేటుకే వేలాడుతోంది.

మీలో చాలామందికి ఇది తెలిసిన కథే. కొందరు ఇంటిపేరు మార్చి చెప్తారు, వాళ్ళను నేను తప్పుపట్టను. 1917లో కొలంబియాలో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళిన అంబేద్కర్‌కు ఊళ్ళో గది దొరకలేదు. రోజుకు రూపాయిన్నర ఇచ్చి, పార్శీ పేరు రాయించి, పార్శీల సత్రంలో తలదాచుకున్నాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. హిందూ మిత్రుడూ క్రైస్తవ మిత్రుడూ ఇంట్లో ఉండనివ్వలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఆయనే రాసుకున్నాడు. "ప్యాకేజీ పెరిగితే కులం పోతుంది" అనే ఐటీ తమ్ముళ్ళు దాన్ని ఒక్కసారి చదవాలి. అక్కడ జీతమూ ఉంది, విదేశీ డిగ్రీ కూడా ఉంది.

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారు ఓనర్లు. మనవాళ్ళూ నిజమే కదా అనుకుని ఊరుకుంటారు. కాదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం తెరిచి చూడండి. ఏ ప్రాంతంలోనైనా సరే, నివాసం ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడటం సెక్షన్ 4 ప్రకారం నేరం. బహిష్కరణ అంటే ఏమిటో సెక్షన్ 7 వివరణ చెబుతుంది. అందులో మొదట ఉన్నదే ఇల్లు అద్దెకివ్వ నిరాకరించడం. సెక్షన్ 12 ఇంకా ముఖ్యం. ఈ చట్టం కింద నేరమయ్యే పని ఎస్సీల పట్ల జరిగితే, కాదని రుజువయ్యేదాకా అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి. కాబట్టి కులం అడిగిన వాట్సాప్ మెసేజ్, కాల్ రికార్డింగ్, "ఇంకా ఖాళీగానే ఉంది" అని వేరేవాళ్ళకు వచ్చిన జవాబు, ఏదీ డిలీట్ చేయకండి.

ఈ చట్టం గురించి చెప్పడానికే మన అధికారులు ప్రతి నెలా పల్లెల్లో పౌరహక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, ఎస్సై వస్తారు. హోటల్లో రెండు గ్లాసులు పెట్టొద్దని, గుడిలోకి రానివ్వాలని చెబుతారు. మంచిదే, చెప్పాలి. కానీ ఆ మైకు, ఆ ఫ్లెక్సీ ఒక్క గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో నేను చూడలేదు. అంటరానితనం అంటే పల్లెటూరి జబ్బనీ, లిఫ్ట్ ఉన్నచోట ఉండదనీ ప్రభుత్వం కూడా నమ్ముతున్నట్టుంది.

వచ్చే నెల పౌరహక్కుల దినాన్ని పుప్పాలగూడలోనే ఒక అపార్ట్‌మెంట్‌లో, రెసిడెంట్స్ అసోసియేషన్ వాళ్ళను కూర్చోబెట్టి జరపాలని తహసీల్దారుకు అర్జీ రాస్తున్నాం. అద్దె దగ్గర కులం అడిగించుకున్నవాళ్ళ అనుభవాలు, తేదీలతో సహా, దానికి జత చేస్తాం. పేరు బయటపెట్టడం ఇష్టంలేనివాళ్ళు ఆ మాట కూడా రాయండి. మణికొండ, నార్సింగి, కోకాపేట మిత్రులు ఆదివారంలోపు ఇన్‌బాక్స్‌కు పంపండి.