ఆవాల డబ్బా పక్కన మాత్రల షీటు

అక్క వంటింట్లో ఆవాల డబ్బా పక్కనే తలనొప్పి మాత్రల షీటు ఉంటుంది. మొన్న చూస్తే పదిలో రెండే మిగిలాయి. "కొని వారం కూడా కాలేదురా" అంది. గుండె కలుక్కుమంది.

మామూలు నొప్పి మాత్రలే అయినా నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా మింగుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయట. డాక్టరు చెప్పాకే మాకు తెలిసింది. ఇప్పుడు నొప్పి వచ్చిన రోజల్లా అక్క క్యాలెండర్‌లో సున్నా చుడుతోంది. చాలా సున్నాలు శనివారాల మీదే. ఉపవాసం, పైగా నీళ్లు కూడా సరిగా తాగదు!

మీ ఇంట్లోనూ షీట్లు ఇలా ఖాళీ అవుతుంటే ఇంకోటి కొనకండి, డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఒక్క పూట కూడా ఆగొద్దు.