మళ్ళీ వచ్చే మలుపు

ధైర్యం, తెగింపు, ధీమా... ఈ మూడు మాటలనూ మనం ఒకదాని బదులు మరొకటి వాడేస్తూ ఉంటాం. కానీ మోటారుసైకిలు మీద నూరు కిలోమీటర్ల వేగంతో ఒక మలుపును సమీపిస్తున్నవాడికి వీటి మధ్య తేడా బాగానే తెలుస్తుంది. ఏమవుతుందో తెలియకుండా దూకేది తెగింపు. ఏమవుతుందో తెలిసీ దూకేది ధైర్యం. ఏం చేస్తే ఏమవుతుందో తెలిసి ఉండటం వల్ల అసలు దూకవలసిన అవసరమే లేకపోవడం ధీమా. మొదటి రెండూ కొందరికి పుట్టుకతోనే వస్తాయేమో గానీ, మూడోదాన్ని మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవలసిందే. ఈమధ్య ఒక శని, ఆదివారాలు నేను ఆ సంపాదన కోసమే వెచ్చించాను.

నేనుండేది పుప్పాలగూడలో. అనంతపద్మనాభస్వామి కొలువైన గుట్ట తప్ప తక్కిన గుట్టలు ఒక్కొక్కటే కరిగిపోయి ముప్ఫై, నలభై అంతస్తుల మేడలుగా లేచి నిలబడుతున్న చోటది. ఊరి పక్కనే ఔటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్ల నున్నని దారి, కానీ దాని మీదకు ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేదు. మా వంటివారికి మిగిలింది సర్వీసు రోడ్డు. రాత్రి లేని ఇసుక పొద్దున్నకు ఉంటుంది, పొద్దున లేని కాంక్రీటు ముద్ద సాయంత్రానికి గట్టిపడి ఉంటుంది. రెండేళ్ళ క్రితం అక్కడే ఒక కుడి మలుపులో, ఏదో టిప్పరు జారవిడిచిన కంకర మీద ముందు చక్రం జారి, బండితో సహా రోడ్డు మీద సాష్టాంగపడ్డాను. జత్రువు విరిగింది. ఎముక మూడు నెలల్లో అతుక్కుంది.

అతుక్కోనిది మరొకటి ఉంది. ఎడమ మలుపులు మునుపటిలాగానే తిరిగేవాణ్ణి. కుడి మలుపు రాగానే భుజాలు బిగుసుకుపోయేవి. దీనికి ఒక కారణం లేకపోలేదు. మనది ఎడమవైపు నడిచే దేశం గనక, కుడికి వాలినప్పుడు మనిషి తల రోడ్డు నడిగీత మీదకు, అంటే ఎదుటినుంచి వచ్చే బండ్ల వైపుకు పోతుంది. అంతకుముందు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఔత్సాహికుల పందేల్లో పాల్గొనేవాణ్ణి. ఆ భుజాలతో పందెం మాట దేవుడెరుగు, పాలపొట్లానికి వెళ్ళి రావడమే గండంగా ఉండేది.

అందుకే రాత్రి రైలెక్కి మద్రాసు దారి పట్టాను. "ఉన్న ఎముకలు చాలక కొత్తవి విరగ్గొట్టుకోవడానికా?" అని మా ఆవిడ అడిగిన ప్రశ్నకు సమాధానం ఇప్పటికీ బాకీ ఉంది.

మద్రాసులో మోటారు పందేలు ఒకప్పుడు షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధ కాలంనాటి విమానాల దారి మీద జరిగేవి. తరువాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు నిర్మించుకున్నారు. 1990లో మొదలైన ఆ ట్రాకు పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. నాకు పరీక్ష పెట్టడానికే అన్నట్టు, పొడుగాటి తిన్నని దారి చివర వచ్చే మొదటి మలుపే కుడివైపుకు!

శిక్షణలో మొదటి గంట తరగతి గదిలోనే గడిచింది. అక్కడ విన్నది ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. 40 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును 54 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి నిలువు నుంచి దాదాపు 30 డిగ్రీలు వాలాలి. అదే మలుపును 72 కిలోమీటర్లతో తిరగాలంటే 45 డిగ్రీలు దాటాలి. తేడా పద్దెనిమిది కిలోమీటర్లే. కానీ మొదటిదాంట్లో మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, రెండోదాంట్లో మోకాలి కింద నేల కనిపిస్తుంది. భయం అబద్ధం చెప్పదన్నమాట, దానికి లెక్కలు రావు, అంతే.

లెక్కలు రాని ఆ భయం చేసే పనులన్నీ తలకిందులే. కీత్ కోడ్ అనే అమెరికా శిక్షకుడు 1993లో వెలువరించిన పుస్తకంలో వాటన్నిటినీ వరసగా పేర్చాడు. వాలి ఉన్నప్పుడు భయం వేస్తే చెయ్యి తనంతట తానే యాక్సిలరేటరును మూసేస్తుంది. బరువంతా ముందు చక్రం మీద పడి, బండి అనుకున్న గీత వదిలి బయటికి పోతుంది. పిడికిళ్ళు హ్యాండిలును బిగించి పట్టుకుంటాయి, బండి వినడం మానేస్తుంది. కళ్ళు దేన్ని తప్పించుకోవాలో దానికే అతుక్కుపోతాయి, బండి తిన్నగా అక్కడికే చేరుకుంటుంది. ప్రాణరక్షణ కోసం శరీరం చేసే ప్రతి ప్రయత్నమూ ప్రాణానికే ముప్పు!

ఇంకో వింత ఉంది. వేగంగా పోతున్న బండిని కుడికి తిప్పాలంటే హ్యాండిలు కుడి కొనను ముందుకు నెట్టాలి. ముందు చక్రం క్షణకాలం ఎడమకు తిరిగి, బండి కుడికి వాలుతుంది. సైకిలు తొక్కే ప్రతివాడూ తెలియకుండా చేసేది ఇదే. విమానానికి ముందు సైకిళ్ళ వ్యాపారం చేసిన విల్బర్ రైట్ ఈ సంగతి గమనించి, ఎంతోమంది సైకిలువాళ్ళను అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారట. వందేళ్ళ తరువాత నా పరిస్థితీ అదే.

శనివారం మొదటి మలుపు ప్రతిసారీ నన్ను ఓడించింది. నా వెనకనే వస్తూ గమనించిన శిక్షకుడు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, తమిళ యాసలో తెలుగు మాట్లాడే కుర్రవాడు, ఒకటే ప్రశ్న వేశాడు.

"మలుపులో ఏం చూస్తా ఉండారు సార్?"

"రోడ్డు" అన్నాను.

"ముందు చక్రం కాడ రోడ్డు చూస్తా ఉండారు. అది అయిపోయిన రోడ్డు సార్. మీరు పోబోయే రోడ్డు చూడండి. ఈ రౌండులో స్పీడు వద్దు, బ్రేకు వద్దు. కళ్ళు ఒక్కటి మార్చండి చాలు."

అంతే. తక్కినవన్నీ వదిలేసి, మలుపు లోపలి అంచున పెట్టిన కోను మీద ఒక చూపు, అక్కడినుంచి బయటికి పోయే దారి మీద మరొక చూపు, ఇవి మాత్రమే అభ్యసించాను. ఆ తరువాతి విడతలో మోచేతులు వదులు చేయడం ఒక్కటే. ఆ తరువాత కుడి కొనను నెట్టడం ఒక్కటే.

ఆదివారం మధ్యాహ్నం నాలుగో విడతలో ఒక విచిత్రం జరిగింది. మొదటి మలుపు అవతల, జెండా పట్టుకుని నిలబడిన మార్షలు పక్కన నీలిరంగు నీళ్ళ డబ్బా కనిపించింది. దాని మూతకు ఎవరో ఎర్ర దారం కట్టారు. ఆరా తీస్తే, అది శనివారం ఉదయం నుంచీ అక్కడే ఉందట! నేను అప్పటికే ఆ మలుపును యాభై సార్లకు పైగా దాటాను. మనిషి దగ్గరున్న శ్రద్ధ చేతిలోని పది డాలర్ల నోటు వంటిదనీ, ఒక పనికి తొమ్మిది ఖర్చయితే తక్కినవాటికి ఒకటే మిగులుతుందనీ కోడ్ తన మొదటి పుస్తకంలో అంటాడు. నా పది డాలర్లూ అంతవరకు భయమే దోచుకుంది. ఆ ఎర్ర దారం చూసినప్పుడు నా దగ్గర చిల్లర మిగిలిందని తెలిసింది. వేగం ఎంత పెరిగిందని అడగకండి, పెద్దగా పెరగలేదు. భుజాలు మాత్రం దిగాయి.

తిరుగు రైల్లో దీని గురించే ఆలోచించాను. ట్రాకు సురక్షితమైనదని ఎవరూ అనుకోనక్కరలేదు. 2023 ఆగస్టు 5న పదమూడేళ్ళ బెంగళూరు బాలుడొకడు ఇదే ట్రాకు మీద, ఇదే మొదటి మలుపు దాటుతూ పోటీలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. హెల్మెట్టు పెట్టుకున్న ప్రతిసారీ అది గుర్తొచ్చింది. అయితే ట్రాకు ఇచ్చేదీ, రోడ్డు ఎన్నటికీ ఇవ్వలేనిదీ ఒకటుంది. రెండున్నర నిమిషాలు తిరిగేసరికి అదే మలుపు మళ్ళీ వస్తుంది. అదే గీత, అదే కోను, కంకర లేదు, ఎదురు బండి లేదు, గేదె లేదు. తక్కినదేదీ మారదు గనక, మనం ఒక్కదాన్ని మార్చి ఫలితం చూడవచ్చు. సర్వీసు రోడ్డు మీద నేటి మలుపు రేపటికి వేరే మలుపు. అందుకే అక్కడ నేను ఇప్పటికీ నెమ్మదిగానే పోతాను. అక్కడ మనం సంపాదించామనుకునేది ధీమా కాదు, అప్పటికి పడకపోవడం మాత్రమే.

రాయదుర్గం, నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద వారాంతాల అర్ధరాత్రి కుర్రాళ్ళు పందేలు వేసుకోవడం, పోలీసులు బండ్లు పట్టుకుపోవడం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పన్నెండు గంటలు దాటాక ఆ చప్పుడు మా మేడ మీదకు కూడా వినిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగులు తీసినప్పుడు, ఈ పిల్లల్లో చాలామంది కంచె బయట నిలబడి చూసే ఉంటారు. మరుసటి ఏడాది ఆ పందెం రద్దయింది. పట్టుకున్న బండ్లకు జరిమానా కడితే వదిలేస్తారు, పిల్లలు మళ్ళీ అదే రోడ్డెక్కుతారు. తెగింపు వాళ్ళకు కావలసినంత ఉంది, కొందరికి ధైర్యమూ ఉంది. ఊరి పొలిమేరలో ఎక్కడైనా నాలుగు మలుపుల దారి ఒకటి వేసి, హెల్మెట్టు పెట్టి, "ఈ రౌండులో కళ్ళు ఒక్కటి మార్చు చాలు" అని చెప్పేవాడొకణ్ణి నిలబెడితే, మూడోది కూడా వాళ్ళే సంపాదించుకుంటారు.