గోరు ఎక్కడ ఆగింది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకూ ఇంజను పడవలకూ వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవలన్నీ ఒడ్డునే. విశాఖపట్నం పెదజాలరిపేట ఇసుక మీద కొందరు వలలు బాగుచేసుకుంటున్నారు, కొందరు ఇంజన్లు విప్పి ముందేసుకున్నారు. వాళ్ళను దాటి వెళ్తే ఒక పందిరి, దాని కింద బోర్లించిన పడవలు, ముక్కుకు ఘాటుగా తగిలే రెసిన్ వాసన. ఫైబర్ మేస్త్రికి ఏడాదిలో చేతినిండా పని ఉండేది ఈ రెండు నెలలే.

ఒకప్పుడు ఈ తీరమంతా తెప్పలూ చెక్క నావలే. దుంగలు కట్టిన తెప్పకు గీత పడితే ఎవరికి పట్టింది? 1980ల్లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వారి బంగాళాఖాతం కార్యక్రమం ఒడ్డున దిగే కొత్తరకం పడవలను ప్రయోగాత్మకంగా కట్టించింది. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సహాయంగా అందిన వాటిలో ఫైబర్ పడవలే ఎక్కువగా కనిపించాయి. తేలిక, చెదపట్టదు, వేగం ఎక్కువ. అయితే రేవు లేని చోట రోజూ ఇసుక మీదికి ఈడ్చాల్సిందే. గవ్వ పెంకులు, రాళ్ళు, పక్క పడవ అంచు, లంగరు మొన, అన్నీ దాని ఒంటి మీద గుర్తులు పెట్టేవే.

ఆ గుర్తులు పడేది జెల్‌కోట్ మీద. పడవ అచ్చుకు మైనం పట్టించి, అందులో మొట్టమొదట పూసే రంగు కలిపిన పాలియెస్టర్ రెసిన్ పొర అది. దాని మీద గాజునార మ్యాట్, నేసిన రోవింగ్ పరిచి రెసిన్‌తో తడుపుతారు. అంటే ఫైబర్ పడవను బయటి నుంచి లోపలికి కడతారు. కంటికి కనిపించే ఆ మెరుపు మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ, అంతే.

మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఒక గీత మీద అడ్డంగా గోటితో లాగించారు. ఎక్కడా ఆగలేదు. “ఇది గీత కాదు బాబూ, మురికి లెక్క. రబ్బింగ్ కాంపౌండ్ రుద్ది మైనం పడితే పోద్ది.” పక్క గీత దగ్గర గోరు టక్కున ఆగింది. అక్కడ వాటర్ పేపర్ కావాలి. మూడో చోట నీలం రంగు లేచిపోయి కింద గాజునార తెల్లగా, పీచులు పీచులుగా కనిపిస్తోంది. అసలు బేరం మొదలయ్యేది అక్కడే. నార బయటపడితే దాని వెంబడి నీరు లోపలికి పాకుతుంది. అందుకే ఆ పడవను ముందు కొన్నాళ్ళు ఎండకు వదిలేశారు.

ఆరిన గాయాన్ని పూడ్చడం కాకుండా ఇంకాస్త పెద్దది చేయడం చూసి ఆశ్చర్యమేసింది. నిటారుగా ఉన్న అంచులను గీకి వాలుగా చేశారు. ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న పెచ్చు మీద ఎంత మంచి జెల్‌కోట్ వేసినా దానితో పాటే ఊడుతుందట. ఆ తరువాత ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచారు. పాత మైనాన్ని గరుకు కాగితం పెట్టక ముందే తీసేయాలి, లేకపోతే రుద్దుడుకి అది గీతల్లోకి దిగి పట్టు చెడగొడుతుంది. ఈ పడవకు సముద్రంలో ఉండగా ఎవరో ఎపాక్సీ ముద్ద కూడా అద్దారు. అప్పటికి గండం గడిచింది గానీ, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. దాన్ని గీకి తీయడానికే సగం పొద్దు పట్టింది.

లోతైన చోట చిన్న మ్యాట్ ముక్క, దాని పైన గట్టి పేస్టు, ఆఖరున జెల్‌కోట్. గట్టిపరిచే మందును, అంటే ఎంఈకేపీని, నూటికి ఒకటిన్నర చొప్పున సిరంజితో కొలిచారు. ఒకటి కన్నా తగ్గితే లోపల పచ్చిగానే ఉండిపోతుంది, రెండు దాటితే పెళుసెక్కుతుంది. మే నెల ఎండలో కలిపిన గిన్నె నిమిషాల్లో జున్నులా బిగుసుకుంటుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలుపుతారు, అదీ రాత్రి తేమ ఆరాక, ఎండ ముదరక ముందు. ఎంఈకేపీ సీసా ఒక మూల, రెసిన్ గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్ డబ్బా ఇంకో మూల ఉన్నాయి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. అందుకే కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో కలియబెట్టాకే ఎంఈకేపీ పోస్తారు. దాని చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. మేస్త్రికి కళ్ళద్దాలున్నాయి, సాయం చేస్తున్న కుర్రాడికి లేవు. ఇది మాత్రం నాకు నచ్చలేదు.

పూసిన చోటు చుట్టుపక్కల కన్నా కొంచెం ఉబ్బెత్తుగా ఉంచి, పైన పాలిథిన్ కాగితం పరిచి గాలి బుడగలు లేకుండా ఒత్తారు. గాలి తగిలితే మామూలు జెల్‌కోట్ పైపొర జిగురుగానే మిగిలిపోతుంది. గట్టిపడ్డాక చెక్క దిమ్మకు కాగితం చుట్టి నీళ్ళతో రుద్దడమే. 220 నంబరుతో మొదలై 400, 600, 1000. చేత్తో రుద్దితే పల్లం పడుతుంది, అందుకే దిమ్మ.

రంగు దగ్గర మాత్రం పడవ యజమానికీ మేస్త్రికీ పేచీ వచ్చింది. ఎండకు పాత నీలం వెలిసి సున్నం తేలింది. మేస్త్రి ఒక మూల కాంపౌండుతో రుద్ది అసలు రంగు పైకి తెచ్చి, దానికి సరిపోయేలా పిగ్మెంట్ కలుపుతున్నారు. “మెరుపుతో నాకు పనేటి మేస్త్రీ, పడవ నీరు తాగకపోతే చాలు” అని యజమాని. నిజానికి ఆయనదీ న్యాయమే, చేపలు రంగు చూసి వలలో పడవు కదా! మేస్త్రి ఆ మాట వినిపించుకోలేదు.

పందిరి చివర ఇంకో పడవ ముక్కు పక్కన సాలెగూడులా సన్నని బీటలు. గోరు వాటి మీద అంతగా ఆగదు, చూస్తే చిన్న పనే అనిపిస్తుంది. మేస్త్రి మాత్రం లోపలికి దూరి, అదే చోట అరచేత్తో ఒత్తి చూశారు. గోడ కదులుతోంది. దెబ్బకు లోపలి పొరలు విడిపోయాయి. పైన పూస్తే నాలుగు వేటలకే మళ్ళీ బీటలిస్తుంది, లోపల్నుంచి మ్యాట్ వేసి బలం పెంచాలన్నారు. ఆ పడవ తాలూకు కుర్రాడు ఖర్చెంతో అడిగి, లెక్క వేసుకుని, అన్నకు ఫోను చేయడానికి ఇసుకలోకి వెళ్ళాడు.