అటక మీది కంప్యూటరు డబ్బా

మార్చి నెలాఖరు లెక్కలతో తప్ప మరి దేనితోనూ కుస్తీ పట్టని చేతులు నావి. చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. అలాంటివాణ్ణి ఈమధ్య రెండు నెలలపాటు ప్రతి ఆదివారం బాల్కనీలో గోనెపట్టా పరుచుకుని రేకు కోస్తూ కూర్చున్నానంటే మా వీధివాళ్ళు నవ్వుకోవడంలో వింతేమీ లేదు.

ఇంటికి రంగులు వేయించడానికి అటక ఖాళీ చేసినప్పుడు మొదలైంది ఇదంతా. 2001లో కొన్న మా మొదటి కంప్యూటరు తాలూకు డబ్బా బయటపడింది. ఒకప్పుడు దంతపు రంగు, ఇప్పుడు ముదురు పసుపు. "ఏమండీ, పాత సామాన్లవాడు కింద ఉన్నాడు, పిలవమంటారా?" అంది మా ఆవిడ. నేను అన్యమనస్కంగా పక్కమూత ఊడదీసి లోపలి అంచుమీద వేలు పెట్టాను. నున్నగా ఉంది. రెండో వైపు మూత కూడా ఊడదీసి తడిమితే వేలు తెగింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాన్నగారు పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి 1996లో రిటైరయ్యారు. కంప్యూటరు కొన్న కొత్తలో మెకానిక్కు మూత తీసి పెట్టి ఏదో సామాను కోసం వెళ్ళినప్పుడు, నాలుగేళ్ళ మా అమ్మాయి ఆ అంచు పట్టుకుని వేలు కోసుకుంది. ఆ కాలపు చవక డబ్బాల అంచులు నిజంగానే కత్తులు. ఆ సాయంత్రమే నాన్నగారు తన పెట్టెలోంచి ఆకురాయి తీసి ఆ వైపు అంచులన్నీ అరగదీశారు. రెండో వైపు స్క్రూ మీద వారంటీ స్టిక్కరు ఉంది. ఆయన దానిమీద గోరు పెట్టగానే నేను అడ్డుపడ్డాను. "వద్దు నాన్నా, అది చిరిగితే వారంటీ పోతుంది." ఆయన నా ముఖంలోకి చూసి, "సరేలేరా, నీ ఇష్టం" అని ఆకురాయి తుడిచి పెట్టెలో పెట్టేశారు. సంవత్సరం వారంటీ 2002లో తీరిపోయింది. ఆయన 2011 దాకా ఉన్నారు. మళ్ళీ ఆ డబ్బా జోలికి రాలేదు, నేనూ అడగలేదు.

పాత సామాన్లవాణ్ణి పంపించేశాను. ఇందులోనే కొత్త కంప్యూటరు కడదామనుకున్నాను.

కట్టవచ్చు కూడా. ఇంటెల్ వారు 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలే ఇవాళ్టికీ నడుస్తున్నాయి. బోర్డు బిగించే రంధ్రాలు, వెనకవైపు కిటికీ, పవర్ సప్లై చోటు, అన్నీ సరిపోతాయి. ఒక్కటే జాగ్రత్త: బోర్డులో రంధ్రం లేని చోట కింద ఇత్తడి కాలు ఏదైనా ఉంటే తీసేయాలి. లేకపోతే అది బోర్డు అడుగున తగిలి షార్టవుతుంది.

చిక్కల్లా గాలిది. అప్పటి పెంటియం త్రీకి 30 వాట్లు సుమారు. నేను కొన్నది 65 వాట్ల ప్రాసెసరు. డబ్బా ముందుభాగంలో 80 మిల్లీమీటర్ల ఫ్యానుకి మాత్రమే చోటుంది, అదీ నాలుగు చిల్లులు పొడిచి వదిలేసిన రేకు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను నెమ్మదిగా తిరిగినా ఎక్కువ గాలి తోస్తుంది, రొదా తక్కువ. దానికోసం రిచ్చీ స్ట్రీట్‌కి వెళితే దుకాణం కుర్రాడు తమిళంలో, "ఈ ఖర్చుతో కొత్త క్యాబినెట్టే వస్తుంది కదా సార్" అన్నాడు. లెక్క వేసి చూశాను. వాడిదే కరెక్టు.

అంత పెద్ద చిల్లు ఒక్కసారిగా కోసే రంపం నా దగ్గర లేదు. వృత్తం గీసుకుని, గీత వెంబడి చిన్న చిన్న చిల్లులు వరసగా వేసి, మధ్య రేకు విరిచేయాలి. తొంభై దాకా వేశాను, నాన్నగారి చేతి డ్రిల్లుతోనే. లోపలి సామానంతా ముందే తీసేశాను. ఇనుపరజను ఒక్క రవ్వ బోర్డుమీద మిగిలినా ప్రమాదమే. ఇంత జాగ్రత్తా పడి, ఫ్యాను పెట్టబోతే పట్టలేదు! హార్డుడిస్కులు పెట్టే అర సరిగ్గా దాని వెనకే ఉంది. వోచరు చూడకుండా ఎంట్రీ పాస్ చేసినట్టయింది నా పని. రివెట్ల తలలు డ్రిల్లుతో తొలిచి ఆ అరనే ఊడబీకాను. ఇప్పటి ఎస్సెస్డీకి అర అక్కరలేదు కనక బతికిపోయాను.

పెట్టెలో ఆకురాళ్ళతో పాటు అరిగిపోయిన సుద్దముక్క ఒకటి దొరికింది. ఎందుకో తెలియక పక్కన పడేశాను. ఆకురాయి ముందుకీ వెనక్కీ రుద్దుతుంటే పళ్ళలో రజను ఇరుక్కుని రేకుమీద గీతలు పడ్డాయి. కింద అంతస్తులో ఉండే రిటైర్డు వెల్డరు పెద్దాయన చూసి ఉండబట్టలేక పైకి వచ్చారు. "ముందుకు తోసేటప్పుడే కోస్తుంది బాబూ, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. సుద్ద రాస్తే రజను అంటుకోదు" అన్నారు. ఆ సుద్దముక్కే వెతికి తెచ్చుకున్నాను.

పవర్ లైటు వైరుది ఇంకో చిన్న గొడవ. పాత డబ్బా ప్లగ్గుకి మూడు గుంతలు, నడిమిది ఖాళీ. కొత్త బోర్డుమీద పక్కపక్కనే రెండు పిన్నులు. సూదితో ప్లాస్టిక్కు నాలుక లేపి ఒక వైరు నడిమి గుంతలోకి మార్చాను. మొదట వెలగలేదు. డెబిట్టు క్రెడిట్టు తారుమారైందని తిప్పి పెడితే వెలిగింది. పసుపు రంగు మాత్రం అలాగే ఉంచాను. పెయింటు వేయమని మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

ఇక రెండో వైపు మిగిలింది. మొదటిరోజు నేను గమనించకుండానే ఊడదీసిన ఆ స్క్రూ చుట్టూ స్టిక్కరు పొడిపొడిగా రాలిపోయి ఉంది. మిగిలినది గోరుతో గీకేసి, సుద్ద రాసి, ఆ అంచు నేనే అరగదీశాను. పోయిన వారం మా అమ్మాయి పూనా నుంచి వచ్చినప్పుడు రెండు వైపులా వేలు పెట్టి చూడమన్నాను. చూసి, "ఇది తాతయ్యది, ఇది నీది" అని ఇట్టే చెప్పేసింది. నా వైపు కింద మూల ఇంకా గరుకుగానే ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చోవాలి.