గడ్డకట్టిన ఏటి మీద చేపల వేట

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పుట్టి పెరిగిన ఆడవాళ్ళకు ఏటి మధ్యలో నడవడం వింతేమీ కాదు. ఎండాకాలం వచ్చిందంటే పెన్న అంటే ఇసకే కదా! చెలమ తీసి బిందె ముంచుకున్న చేతులు మనవి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతాం. పాపఘ్ని అయినా అంతే, చిత్రావతి అయినా అంతే. కాళ్ళు కాల్తాయన్న భయమే గాని మునుగుతామన్న భయం మనకు తక్కువ. అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికో, కోడలి దగ్గరికో చలికాలంలో వెళ్తున్నారా? అయితే ఆ ధైర్యాన్ని మాత్రం పెట్టెలో సర్దుకోకండి. అక్కడా ఏటి మీద మనుషులు నడుస్తారు. కాకపోతే కాలి కింద ఉండేది ఇసక కాదు, మంచుగడ్డ. ఆ గడ్డ కింద ఏరు పారుతూనే ఉంటుంది.

మాది వేముల మండలం తుమ్మలపల్లె. యురేనియం గని పుణ్యమా అని ఊరి పేరు మీరూ పేపర్లలో చూసే ఉంటారు. చీనీ తోటలూ, అరటి తోటలూ, నలభై దాటే ఎండలూ, ఇవీ మాకు తెలిసినవి. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది మినొసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ పక్కన మేపుల్ గ్రోవ్ అనే ఊళ్ళో. అక్కడ జనవరిలో సున్నా డిగ్రీలంటే ‘ఈరోజు వెచ్చగా ఉంది’ అనుకుంటారు. సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి పోయిన రోజులు నేను చూశాను. తలస్నానం చేసి వాకిట్లోకి వస్తే జుట్టు పుల్లల్లా బిగుసుకుపోతుంది. ఆ రాష్ట్రంలో పది ఎకరాలకు మించిన సరస్సులే 11,842 ఉన్నాయి. చలికాలంలో వాటి మీద చిన్న చిన్న గుడిసెలు లేస్తాయి. దూరం నుంచి చూస్తే తిరునాళ్ళలో అంగళ్ళు వేసినట్టే ఉంటుంది. అన్నీ చేపలు పట్టేవాళ్ళవే.

నీళ్ళు గడ్డకడితే చేపలు చచ్చిపోవా అని నాకూ అనుమానం వచ్చింది. అసలు సంగతి ఏమిటంటే, నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. ఆ బరువైన నీళ్ళు అడుక్కి చేరతాయి. ఇంకా చల్లబడినవి తేలికై పైకి వస్తాయి. అందుకే చెరువు పైనుంచి కిందికి గడ్డకడుతుంది గాని అడుగునుంచి కట్టదు. పైనున్న మంచు దుప్పటిలా పనిచేస్తుంది, అడుగున చేపలు బద్ధకంగా తిరుగుతుంటాయి. వేటగాళ్ళు మంచుకి బరమాతో రంధ్రం వేస్తారు. మన వడ్రంగులు చెక్కకి వేసేదే, కాకపోతే మనిషి నడుమెత్తు ఉంటుంది, కొన్నిటికి మోటారు కూడా! ఆ రంధ్రంలోకి జానెడు బెత్తెడు గాలం కర్రతో దారం వదిలి, బకెట్టు బోర్లించుకుని దాని మీద కూచుంటారు. మగవాళ్ళ ఓపిక అంతా దేవుడు చేపల కోసమే దాచాడేమో అనిపించింది నాకు. కూరగాయల అంగడి దగ్గర పది నిమిషాలు నిలబడలేని మనిషి మా అల్లుడు, అక్కడ మూడు గంటలు కదల్లేదు.

మేము వెళ్ళింది సెయింట్ క్రోయ్ నదికి. స్టిల్‌వాటర్ ఊరి దిగువన ఆ నది వెడల్పై చెరువులా ఉంటుంది. అవతలి గట్టు విస్కాన్సిన్ రాష్ట్రం. మమ్మల్ని తీసుకెళ్ళింది పక్కింటి పెద్దాయన, చిన్నప్పటినుంచీ ఆ నీళ్ళ మీద తిరిగిన మనిషి. ఆయన చేతిలో అచ్చం మన గడ్డపారలాంటిది ఉంది. నాలుగడుగులు వేయడం, ముందు మంచుని గట్టిగా పొడవడం, మళ్ళీ నాలుగడుగులు. దెబ్బకి ‘ఠంగు’మంటే ముందుకి, మెత్తగా ‘డబ్బు’మంటే వెనక్కి. మట్టికుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూడమూ, అట్లా అన్నమాట. మధ్యమధ్యలో చిన్న రంధ్రం వేసి టేపుతో మందం కొలిచేవాడు.

ఆ రాష్ట్ర సహజవనరుల శాఖ చెప్పే లెక్క ఇది. కొత్తగా కట్టిన, గాజులా తేటగా ఉండే మంచు నాలుగు అంగుళాలు ఉంటేనే మనిషి నడవాలి. అంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. మంచు మీద నడిచే స్కూటరుకి ఐదు నుంచి ఏడు, చిన్న కారుకి తొమ్మిది, పది. జానెడు దాటితే గాని కారు ఎక్కించకూడదు. పాలలా తెల్లగా ఉన్న మంచుకి ఈ లెక్క పనికిరాదు. అందులో గాలీ, కురిసిన మంచూ కలిసి ఉంటాయి కాబట్టి బలం సగమే, మందం రెట్టింపు కావాలి. ఇంత లెక్క చెప్పి కూడా ఆ శాఖవాళ్ళే, ఏ మంచూ నూటికి నూరుపాళ్ళు క్షేమం కాదంటారు.

ఇదంతా చెరువు లెక్క. ఏటి సంగతి వేరు. చెరువులో నీళ్ళు నిలబడి ఉంటాయి గనక మంచు చాలావరకు ఒకే మందంగా కడుతుంది. ఏట్లో ప్రవాహం కిందినుంచి మంచుని అరగదీస్తూనే ఉంటుంది. ఇక్కడ అడుగు మందం ఉంటే పది అడుగుల అవతల రెండు అంగుళాలే ఉండొచ్చు. ఏరు మలుపు తిరిగేచోట, వంతెన స్తంభాల దగ్గర, వాగు వచ్చి కలిసేచోట, ఫ్యాక్టరీల వేడినీళ్ళు పడేచోట మంచుని నమ్మరాదు. పైన మెత్తటి మంచు పరుచుకుని ఉంటే మరీ ప్రమాదం. కింద ఏముందో కనపడదు, పైగా అది దుప్పటిలా చలిని ఆపి గడ్డని పల్చగా ఉంచుతుంది. ఏటి నీటిమట్టం తగ్గితే గడ్డకీ నీళ్ళకీ మధ్య బోలుగా అయిపోతుంది, మన పాత ఇళ్ళలో చెదలు తిన్న దూలంలాగ. ఇంకో భయం కూడా ఉంది. చెరువులో పడితే పడిన రంధ్రం తల పైనే ఉంటుంది. ఏట్లో పడితే ప్రవాహం మనిషిని గడ్డ కిందికి లాక్కుపోతుంది.

ఆరోజు మా మనవరాలు వంతెన వైపు పోదామని పేచీ పెట్టింది. “అమ్మమ్మా, అక్కడ ఎవరో నడిచినారు చూడు, అడుగులున్నాయి!” అంది. నిజమే, బూటు గుర్తులు వరసగా ఉన్నాయి. పెద్దాయన పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి, గడ్డపార తీసుకుని తనొక్కడే ఆ అడుగుల పక్కన పొడుచుకుంటూ పోయాడు. ఇరవై అడుగులు పోయాక మూడో పోటుకే పార దిగి నీళ్ళు చిమ్మాయి. ఆయన వచ్చిన దారినే వెనక్కి వచ్చి, ఆ అడుగులు ఎప్పటివో మనకేం తెలుసు అన్నాడు. మా అమ్మాయి బిడ్డని ఎత్తుకుని బండి దాకా దించలేదు.

ఇది ఒక్క మినొసోటా భయం కాదు. అరిజోనా అంటే ఎడారి అనుకుంటాం, మన కడపకి అక్క లాంటిది. ఆ రాష్ట్రంలోనే కొండల మీద ఉడ్స్ కాన్యన్ లేక్ అనే చెరువుంది. 2022 డిసెంబరు 26న, పండుగ సెలవుల్లో అక్కడికి వెళ్ళిన మన తెలుగువాళ్ళు ముగ్గురు, ఒకామె, ఇద్దరు మగవాళ్ళు, మంచు విరిగి నీళ్ళలో పడి చనిపోయారు. వాళ్ళు చేపలకి వెళ్ళలేదు. గడ్డకట్టిన చెరువు మీద అడుగుపెట్టారు, అంతే. మంచు ఎరగని ఊళ్ళలో పెరిగిన పిల్లలకి ఈ సంగతులు అమ్మానాన్నలు చెప్పి ఉండరు. మనకే తెలియవు కదా! అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. వీడియో కాల్‌లో మీ అబ్బాయి “అమ్మా, ఏటి మీద నిలబడ్డా చూడు” అంటే, భోంచేశావా అని అడగడానికి ముందు మందం కొలిచావా అని అడగండి.

ఒకవేళ పడితే? నీళ్ళలో పడగానే చలికి ఊపిరి ఎగశ్వాస అవుతుంది. అది ఒక నిమిషం. ఆ నిమిషం కంగారుపడకుండా తల పైకి ఉంచి ఊపిరి అందుకోవాలి. తర్వాత కాళ్ళూ చేతులూ మన మాట వినేది దాదాపు పది నిమిషాలు. స్పృహ తప్పడానికి మటుకు గంట దాకా పడుతుందని చెబుతారు. కాబట్టి ఆ పది నిమిషాలే కీలకం. వచ్చిన వైపుకే తిరగాలి. ఇంతవరకు మనల్ని మోసిన మంచు అదే. చేతులు మంచు మీద చాపి, ఈదినట్టు కాళ్ళు ఆడిస్తూ పైకి పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడరాదు, పొర్లుతూ దూరం రావాలి. పెద్దాయన మా అందరి మెడల్లో ఒక తాడు వేశాడు, రెండు చివరలా కొయ్య పిడులు, పిడుల్లో మేకులు. ఆ మేకులు మంచులో గుచ్చి పాకితే చెయ్యి జారదట. కోటు మీద లైఫ్ జాకెట్ కూడా వేయించాడు.

చూస్తున్నవాళ్ళు చేయకూడని పని ఒకటే, పరుగెత్తి దగ్గరికి పోవడం. రెండో ప్రాణం పోయేది అట్లాగే. 911కి ఫోను చేసి, గట్టు మీద నుంచో, గట్టి మంచు మీద పడుకునో తాడు విసరాలి. తాడు లేకపోతే? 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లా కొట్టరై ఆనకట్ట దగ్గర నలుగురు కుర్రాళ్ళు మునుగుతుంటే, ముగ్గురు ఆడవాళ్ళు ఒంటిమీది చీరలు విప్పి ముడేసి విసిరారు. ఇద్దరిని బతికించారు. మఫ్లరూ, చున్నీ, ఏదైనా సరే. బయటికి తీశాక తడిబట్టలు మార్చి, పొడి దుప్పట్లు కప్పాలి. చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దరాదు, సారా పట్టరాదు.

గుడిసె లోపల ఇంకో ప్రమాదం ఉంది. గ్యాసు హీటరు వెలిగించి తలుపు బిగించుకుంటే విషవాయువు వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి కిటికీ కాస్త తెరిచి ఉంచమనే మన పెద్దవాళ్ళ మాట ఇక్కడా అంతే.

ఇక చట్టం. మన మైలవరం జలాశయంలోనైనా, సముద్రం మీదైనా వేటకి నిబంధనలు లేవా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన సముద్రంలో మరపడవల వేట నిషేధం. వాళ్ళకీ అంతే, కాకపోతే గాలం వేసే ప్రతి మనిషికీ వర్తిస్తుంది. మినొసోటాలో పదహారేళ్ళు నిండితే లైసెన్సు ఉండాలి. చుట్టంచూపుగా వెళ్ళిన మనకి వేరే లైసెన్సు, ఒక్కరోజుకి కూడా ఇస్తారు. చెరువుల్లోనైతే మంచు మీద మనిషికి రెండు గాలాలకి మించరాదు, రంధ్రం పన్నెండు అంగుళాలు దాటరాదు. ఏ చేప ఎన్ని పట్టొచ్చు, ఎంత పొడవుండాలి, ఏ నెలల్లో పట్టరాదు అన్నీ పుస్తకం వేసి ఇస్తారు. రెండు రాష్ట్రాల మధ్య నదులకి మళ్ళీ వేరే పేజీ! పట్టిన చేప తినొచ్చు, అమ్మరాదు. గుడిసె వేస్తే దాని మీద సొంతదారు వివరం రాయాలి. మార్చిలో గడువు లోపల పీకేయాలి, లేకపోతే మంచు కరిగి గుడిసె నీళ్ళ పాలు. చెత్త వదిలితే జరిమానా. ఈ చివరిది మాత్రం గండికోట చూడ్డానికి వచ్చేవాళ్ళకి కూడా పెడితే బాగుండును!

ఆడవాళ్ళకో మాట. చీర కట్టి, పైన కోటేసుకుంటే సరిపోదు. నూలు బట్ట చెమటకి తడిసి ఒళ్ళు కొరికేస్తుంది. లోపల ఉన్నివీ, పైన గాలి చొరనివీ, రెండు జతల మేజోళ్ళూ, బూట్ల కింద జారకుండా ముళ్ళ పట్టీలూ ఉండాలి. చెవులు కప్పుకోవడం మరవద్దు.

మాకు ఆరోజు దొరికినవి అరచేయంత చేపలు ఏడు. క్రాపీ, బ్లూగిల్ అంటారు. పెద్ద చేపల్లో పాదరసం చేరుతుందని గర్భిణులనూ చిన్నపిల్లలనూ అవి తగ్గించమంటుంది అక్కడి ఆరోగ్యశాఖ. ఈ చిన్నవాటిలో ఆ బెడద తక్కువ. మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది, అందుకే మన రాగండిలా పులుసులో తెగ కలియబెట్టరాదు. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి పక్కన పెట్టండి. ఉల్లిపాయా, ఎండుమిరపకాయా, ధనియాలూ వేయించి నూరి, తిరగమాతలో వేసి నూనె తేలాక చింతపండు పులుసు పొయ్యండి. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వెయ్యాలి, ఐదారు నిమిషాలు చాలు. గరిట పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. రాగిపిండి అక్కడి ఇండియన్ స్టోరులో దొరుకుతుంది. వేడి సంగటి ముద్ద పళ్ళెంలో గుంట చేసి పులుసు పోస్తే, ఆ పెద్దాయన చెంచా పక్కన పెట్టి చేత్తోనే తిన్నాడు.