విజయనగరం కోటలో ఒక పూట

మాది ఉండి అనే ఊరు. కాస్త తవ్వితే నీళ్లూరే నల్లమట్టి నేల. రాయి కావాలంటే ఎక్కడి నుంచో లారీలో రావాల్సిందే. మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి విజయనగరం కోటలో నన్ను మొదట నిలబెట్టింది రాజభవనం కాదు, గోడ. దాదాపు 10 మీటర్ల ఎత్తు, నాలుగు మూలలా నాలుగు బురుజులు. చెయ్యి ఆనించి చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

విజయనగరం రాజులైన పూసపాటి వారు 1713లో ఈ కోటకు శంకుస్థాపన చేశారు. ఆ ముహూర్తం గురించి ఊరివాళ్లు ఇప్పటికీ ఇష్టంగా చెబుతారు. ఏడాది విజయనామ సంవత్సరం, తిథి విజయదశమి, రోజు జయవారమనే మంగళవారం, రాజు విజయరామరాజు, ఊరు విజయనగరం. ఇన్ని విజయాలు కూడినా ఆ వంశానికి కష్టం తప్పలేదు. 1757లో విజయనగరంతో జరిగిన పోరులో బొబ్బిలి కోట పడింది గానీ, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో రాజు పెదవిజయరామరాజు ప్రాణం పోయింది. 1794 జూలై 10న పద్మనాభంలో చినవిజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడుతూ నేలకొరిగాడు.

తూర్పున సింహద్వారం. రాజస్థానీ పోకడ స్పష్టంగా కనిపిస్తుంది. దాని పైభాగం నగారాఖానా. పెద్దలు వస్తున్నారన్నా, రాజాజ్ఞ చాటాలన్నా అక్కడ నగారా మోగేది. పడమటి ద్వారమూ ఇదే తీరు, కాకపోతే చిన్నది. అది రాజవంశీకుల సమాధుల వైపు దారితీస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఔద్‌ఖానా. ఫూల్‌బాగ్ ప్యాలెస్ పక్కన, ఎనిమిది పలకల రాతి కట్టడం, 50 అడుగుల ఎత్తు. లోపల మెలికలు తిరుగుతూ మెట్లు పైకి పోతాయి. పైన రాజుల స్నానపు గది! దగ్గర్లోని బావి నుంచి నీటిని పైనున్న తొట్టికి ఎక్కించేవారు. మా కాలువ నీళ్లు పల్లం వెతుక్కుంటూ వాటంతటవే వస్తాయి. ఇక్కడ నీటిని అంతెత్తు ఎక్కించాల్సి వచ్చిందన్నమాట. ఆ రాళ్లు పేర్చిన పనివాళ్ల పేర్లు మనదాకా రాలేదు. రాజుల పేర్లు చదివినప్పుడల్లా వాళ్లు గుర్తుకు రావాలి.

"అదిగో, ఆ బురుజు మీదే బాబూ, సిరిమాను నాడు రాజులోరు కూకుంటారు," అని కాపలా పెద్దాయన చూపించాడు. పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, గుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరిగేది ఇక్కడే.

ఈ కోట నాకు ఇంత దగ్గరగా అనిపించడానికి కారణం వేరే ఉంది. దీన్ని తాళం వేసి దాచలేదు. పూసపాటి వంశానికి చెందిన పి.వి.జి. రాజు 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి, కోటను చదువులకు ఇచ్చారు. 1869లో దర్బారు కోసం కట్టిన మోతీ మహల్ మహిళా కళాశాలకు దక్కింది. కోట బయట ఉన్న ఇదే వంశపు కోరుకొండ ప్యాలెస్ 1962లో సైనిక్ స్కూలయింది. అంతకుముందే, 1919లో, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా ఈ ఊళ్లో సంగీత కళాశాల వెలిసింది. ఘంటసాల చదివింది అందులోనే.

అలాంటి కోట గోడలో ఇప్పుడు కొన్నిచోట్ల రాళ్ల సందుల్లో మొక్కలు మొలుస్తున్నాయి. రావి వేరు దిగితే గోడ విచ్చుకుంటుంది. చిన్నగా ఉండగానే పీకి, సందును సున్నంతో పూడ్చాలి. ఈ పనికి వానాకాలం ముందే మనుషుల్ని పెట్టాలి.