రిస్కు ఖాతాలో మేము

రిస్కుకు ఒక పరీక్ష ఉందని, అది పాసైతే ఉద్యోగాలిస్తారని మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తెలియదు. మా ఆపా కొడుకు చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. "నష్టం ఎట్నించి వస్తుందో చెప్పడానికి చదువెందుకు బేటా? సఖినేటిపల్లి రేవులో ఎవర్నడిగినా చెబుతారు" అంది.

ఆమె వెటకారానికి అనలేదు. అంతర్వేదిలో కాపురమంటే అంతే. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఊరు. ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం. ఎదురుగా కనిపించే నరసాపురం పోవాలంటే పంటు ఎక్కాలి. ఏరు పొంగితే పంటు ఆగుతుంది, పంటు ఆగితే ఆసుపత్రీ ఆగుతుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను ఊడ్చి పారేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లయితే లక్షల్లో కూలాయి. కొత్త మొక్క పెట్టి కాయ చూడాలంటే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ ఏం తినాలి? అంతకు ముందు ఏడాదే, 1995 జనవరి 8న, పాశర్లపూడిలో గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండింది. మా ఆపా పెనిమిటి 1990 ఆగస్టులో కువైట్‌లో డ్రైవరు. సద్దాం సైన్యం వచ్చిన నాడు జీతం, పాసుబుక్కు, పెట్టె అన్నీ అక్కడే వదిలి, జోర్డాన్ మీదుగా విమానమెక్కి ఒంటి మీది బట్టలతో ఇల్లు చేరాడు. దీన్ని పుస్తకంలో 'కంట్రీ రిస్కు' అంటారట. మా ఇంట్లో తఖ్దీర్ అన్నారు.

పరీక్ష పేరు ఎఫ్.ఆర్.ఎం. ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్. అమెరికాలోని గార్ప్ అనే సంస్థ పెడుతుంది. ఆ సంస్థ పుట్టింది 1996లో, మా కొబ్బరి చెట్లు కూలిన సంవత్సరంలోనే. రెండు భాగాలు. మొదటిదాంట్లో నూరు ప్రశ్నలు, రెండోదాంట్లో ఎనభై. ఒక్కోదానికి నాలుగు గంటలు. రెండూ దాటాక, రెండేళ్లు ఆ పనిలో అనుభవం చూపిస్తేనే పేరు పక్కన మూడక్షరాలు. ఫీజు డాలర్లలో. కాలిక్యులేటరు కూడా వాళ్లు ఒప్పుకున్న రకమే తేవాలి. మావాడు హైదరాబాదులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది ఒకటి కొన్నాడు. దాని ఖరీదు విని ఆపా, "ఇంత ఖరీదు పెట్టింది కూడికలో తప్పు చేయదా?" అని అడిగింది.

2020 లాక్‌డౌన్‌లో వాడు పుస్తకాలు మోసుకుని అంతర్వేది వచ్చేశాడు. మే నెల పరీక్ష వాయిదా పడింది. మేమూ పత్రికాఫీసు మూతపడి అక్కడే ఉన్నాం. పొద్దున ఫజర్ నమాజు కాగానే వాడు కొబ్బరితోటలో మడతమంచం వేసుకుని కూచునేవాడు. వాడి పక్కన కూచుని ఆ పుస్తకాలు మేమూ తిరగేశాం. ఆర్ట్సు చదివిన వాళ్లం, సూత్రాలు మాకు ఎక్కవు. కథలు ఎక్కాయి. ఆ చదువు నిండా కూలిపోయిన బ్యాంకుల కథలే. బేరింగ్స్ అని 1762లో పెట్టిన లండన్ బ్యాంకు. 1995లో సింగపూరులో కూచున్న నిక్ లీసన్ అనే ఒక్క ఉద్యోగి, దాచిన నష్టాలతో దాన్ని పడగొట్టాడు. 1998లో కూలిన లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండులో, అంతకు ముందు ఏడాదే నోబెల్ తీసుకున్న ఇద్దరు ఆర్థికవేత్తలు భాగస్వాములు. ఈ కథలు చదువుతూ మేమొకటి గమనించాం. లీసన్ చేసినదానికి ఇంగ్లీషువాళ్లందర్నీ ఎవరూ అనుమానించలేదు. నోబెల్ వాళ్లను చూసి ప్రొఫెసర్లకు అప్పివ్వొద్దని ఏ బ్యాంకూ రాసుకోలేదు. తప్పు చేసిన వాడి దగ్గరే తప్పు ఆగింది.

వాడు మాకు 'వాల్యూ ఎట్ రిస్క్' నేర్పించిన తీరు చెప్పాలి. "మామూ, నూరు రోజులు తీసుకో. తొంభైతొమ్మిది రోజులు నష్టం పది లక్షలు దాటదు. ఆ పది లక్షలే వ్యాల్యూ ఎట్ రిస్క్" అన్నాడు. మరి నూరో రోజు సంగతో? దాటుతుంది. ఎంత దాటుతుందో ఆ అంకె చెప్పదు. పదకొండు లక్షలూ కావొచ్చు, బ్యాంకే మునగొచ్చు. అందుకే తర్వాత తర్వాత ఆ నూరో రోజు నష్టాల సగటు కూడా కట్టాలన్నారు. కోనసీమ వాళ్లకిది తెలియనిదేం కాదు. తొంభైతొమ్మిది రోజులు చెట్టు నిలబడే ఉంటుంది. నవంబరు 6 ఒక్కరోజే.

అసలు గొడవ సూద్ దగ్గర వచ్చింది. ఆ చదువంతా వడ్డీ చుట్టూనే తిరుగుతుంది. వడ్డీ తినడమే కాదు, తినిపించడం, దాని పద్దు రాయడం, సాక్షిగా ఉండడం కూడా తప్పేనని హదీసు ఉంది. ఆపా ఆ మాటే పట్టుకుంది. వాడు వడ్డీ పద్దు రాసే ఉద్యోగానికే కదా చదువుతున్నది! రాజోలు వైపునించి వచ్చే ఒక మౌల్వీ సాబ్‌ను అడిగితే ఆయన మెత్తగా, "వేరే దారి దొరికితే వెతుక్కో బేటా" అన్నాడు. ఆ వేరే దారి ఎక్కడుంది? రఘురామ్ రాజన్ కమిటీ 2008లో వడ్డీలేని బ్యాంకింగుకూ చోటివ్వాలంది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదన ముందుకు తీసుకుపోవద్దనుకుంది. ఇక హలాల్ పేరు పెట్టుకుని ఇంటింటికీ తిరిగిన కంపెనీలున్నాయి. 2019లో బెంగళూరులో ఐ.ఎం.ఎ. కూలినప్పుడు బురఖాలు వేసుకున్న తల్లులు ఆఫీసు ముందు నిలబడి ఏడ్చారు. దీన్ పేరు చెప్పి అడిగినవాణ్ని లెక్కలు చూపించమనడానికి వాళ్లకు నోరు రాలేదు. లెక్క అడగడం ఈమాన్ లేకపోవడమా? ఒంటెను ముందు కట్టెయ్యి, తర్వాత అల్లా మీద భారం వెయ్యి అని చెప్పింది మన ప్రవక్తే.

మావాడు వాదించాడు. పిందె దశలో కాయను అమ్మడం షరియత్ కాదంది. ఏం చేతికొస్తుందో తెలియని బేరాన్ని 'ఘరర్' అన్నారు. అంటే రిస్కును ఎవరి నెత్తిన వేయకూడదో పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఆలోచించారు. లాభం పంచుకునేవాడు నష్టమూ పంచుకోవాలన్నారు. రిస్కు అన్న మాటే అరబీ 'రిజ్ఖ్' నుంచి వచ్చిందనే పండితులున్నారు. కాదనేవాళ్లూ ఉన్నారు. రిజ్ఖ్ అంటే అల్లా ఇచ్చే తిండి. మావాడికి ఈ మాట భలే నచ్చింది. ఆపాకు నచ్చలేదు. "తిండిని రిస్కంటారా!" అని ఎర్రగా చూసింది. ఆ తర్వాత అడ్డు మాత్రం చెప్పలేదు. కువైట్ నించి ఒట్టి చేతులతో దిగిన మనిషితో సంసారం ఈదినామె. ఫీజుకు తన గాజులు ఇచ్చింది ఆమే.

రుణం ఎగ్గొట్టే అవకాశాన్ని ఎలా లెక్కగడతారో చదువుతున్న రోజుల్లో మేము వాడికి సచార్ కమిటీ నివేదిక తెప్పించి ఇచ్చాం. 2006 నాటిది. ముస్లింలు ఎక్కువగా ఉండే చోట్లను కొన్ని బ్యాంకులు 'నెగటివ్' ప్రాంతాలుగా గుర్తించి, అక్కడ అప్పులూ ఇతర సౌకర్యాలూ సులువుగా అందనివ్వడం లేదని అందులో రాసి ఉంది. మాకది కొత్త కాదు. మా తమ్ముడొకడు పాతబస్తీ చిరునామాతో స్కూటరు లోనుకు వెళితే, అప్పిచ్చే సంస్థ గుమాస్తా కాయితాలు తిరగేసి, "మీ ఏరియా మా లిస్టులో లేదండీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. జీతం అడగలేదు, పాత బాకీలు అడగలేదు. మా లౌకిక మిత్రులు దీన్ని వ్యాపారమంటారు, మతం కాదంటారు. బ్యాంకుకు మతమేమిటి, అంకెలే కదా అంటారు. ఆ అంకెల్ని ముందు ఎవరు పోగేశారు? ఏ వీధికి వెళ్లి పోగేశారు, ఏ వీధి మొగలో వెనక్కి తిరిగారు? అప్పే ఇవ్వని చోట, తీర్చినవాళ్ల లెక్క ఎక్కణ్నించి వస్తుంది?

ఈ మాటలు తోటలో నడుస్తుండగానే 2020 సెప్టెంబరు వచ్చింది. 5వ తేదీ రాత్రి గడిచి తెల్లవారేలోగా లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. అరవై ఏళ్లు దాటిన టేకు రథం. భీష్మ ఏకాదశి తీర్థంలో దాన్ని చూడని పిల్లలు మా ఇళ్లలోనూ లేరు. మా తాత ఆ తీర్థంలో గాజుల కొట్టు పెట్టేవాడు. ఏడాది అప్పులు తీరేది ఆ నాలుగు రోజుల బేరంతోనే. రథం కాలిందని తెలిసి మా ఆపా నోట మాట రాలేదు. ఆమె దుఃఖం దుఃఖంగా ఒక్క పూటే ఉంది. మధ్యాహ్నానికి భయమైంది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఎక్కడెక్కడి జనమో ఊళ్లోకి దిగారు. చర్చి మీద రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం సీబీఐ విచారణ కోరింది. మావాణ్ని గడ్డం తీసెయ్యమని ఆపా బతిమాలింది. వాడు తియ్యలేదు, గుమ్మం కూడా దాటలేదు. ఇరుగుపొరుగు అగ్నికులక్షత్రియుల ఇంటి పెద్దాయన రెండు పూటలా వచ్చి మా అరుగు మీద కూచుని పోయాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. చుట్ట కాల్చుకుని వెళ్లేవాడు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, ఈ మాట కచ్చితంగా చెప్పాలి. 2021 ఫిబ్రవరికి కొత్త రథం తయారైంది.

ఆ రోజుల్లోనే వాడు మాకు 'కోరిలేషన్' గురించి చెప్పాడు. మామూలు రోజుల్లో ఒక షేరు పడితే ఇంకోటి లేస్తుంది, అందుకే డబ్బు నాలుగుచోట్ల పెట్టమంటారు. సంక్షోభం వచ్చిందా, అన్నీ ఒక్కసారే పడతాయి. సంబంధం లేనివన్నీ ఒకదానికొకటి కట్టేసినట్టు కదులుతాయి. మేమా మాట విని చాలాసేపు ఊరుకున్నాం. 2007లో మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయిందీ మావాళ్లే, పోలీసులు పట్టుకుపోయిందీ మావాళ్లనే. ఆ కుర్రాళ్లు నిర్దోషులని తేలేదాకా హైదరాబాదులో మా పేరుకు అద్దెకొంప దొరకలేదు. అంతర్వేదిలో కొబ్బరి దింపించుకునే మనిషికీ, చార్మినార్ దగ్గర అత్తరు అమ్మేవాడికీ, కాబూల్లో తుపాకీ పట్టినవాడికీ ఏమిటి సంబంధం? పుస్తకం ప్రకారం అది సున్నా. మార్కెట్టులో సంక్షోభం వస్తే ఒకటి అవుతుందట. మా విషయంలో దాన్ని ఒకటిగానే వేసి పెట్టుకున్నారు, మామూలు రోజుల్లో కూడా.

వాడు మొదటి భాగం రెండో ప్రయత్నంలో, రెండోది ఒకేసారికి పాసయ్యాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో పని. ఇతరులు కట్టిన రుణాల మోడళ్లలో లోపాలు పట్టడం వాడి ఉద్యోగం. సూద్ పద్దు తను రాయడం లేదనీ, తప్పులు దిద్దుతున్నాననీ తల్లికి చెప్పుకున్నాడు. ఆమె సగం ఒప్పుకుంది. మొదటి జీతంలో జకాత్ తీశాకే చీర తీసుకుంది.

మొన్న ఈద్‌కు వచ్చినప్పుడు చెప్పాడు. వాడి ముందుకొచ్చిన ఒక మోడల్లో మతం అనే గడి లేదు, పేరూ లేదు. పిన్‌కోడు ఉంది. ఆ గడి ఎందుకుండాలో, అది ఎవర్ని బయటికి నెడుతుందో రుజువులతో చూపించమని వాడు నోటు రాశాడు. జీతం, పాత బాకీల చరిత్ర ఉండగా వీధితో పనేమిటని అడిగాడు. పైవాళ్లు పరిశీలిస్తున్నారట.

సేమియా గిన్నె పెడుతూ ఆపా అడిగింది, అంతర్వేది పిన్‌కోడుకు ఎంత మార్కు వేశారని. ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదు అమ్మీ, అన్నాడు.